నలభై రెండు నంబరు ఇంజను ప్లేటు

డ్రైవరుగారి అమ్మాయికి,

నీ ఫిట్టరు రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కణ్ణే కాబట్టి ఆ సంగతి తేల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, పసిదీ, వియ్యంకుడుగారూ, ఆయన దగ్గూ అంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని అల్లుడు నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. ఫోనులో నువ్వు ‘తిన్నారా’ అంటావు, నేను ‘తిన్నాను’ అంటాను, ఈలోగా పసిది ఏడుస్తుంది, ‘ఉండండి, మళ్ళీ చేస్తా’ అంటావు. మనం ఏమీ మాట్లాడుకోలేదని ఫోను పెట్టేశాక తెలుస్తుంది. కాగితం మీద రాసేటప్పుడైతే నన్నెవరూ ఉండమనరు.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. వంటింటి కుళాయి కారడం లేదు, వాషరు మార్చాను. మోకాలు నువ్వున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కాకపోతే మూలిగినా వినేవాళ్ళు లేరు కాబట్టి మూలగడం తగ్గించాను. కిటికీ దగ్గర నాలుగు మొక్కల్లో మూడు బాగున్నాయి. నాలుగోది పోయింది. నీళ్ళు పొయ్యక కాదు, ఎక్కువై పోయింది. పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచక దానికి పోస్తూ వచ్చాను. తిట్టదల్చుకుంటే ఉత్తరంలోనే తిట్టు, కనీసం చదువుకోవడానికి ఒక పేజీ ఎక్కువ ఉంటుంది.

తాళంచెవి మర్చిపోవడం లేదు కదా అని అడిగావు. రెండుసార్లు మర్చిపోయాను. ముప్పై నాలుగేళ్ళు నేను తలుపు కొట్టడం, నువ్వు తియ్యడం అలవాటైపోయింది. నాకంటూ ఒక తాళంచెవి జేబులో ఉండటం ఇదే మొదలు. కిందటి వారం ఏం జరిగిందంటే, మెట్లెక్కి వచ్చి, జేబు తడుముకోకుండా తలుపు కొట్టి నిలబడ్డాను. కింద టైలరు పైకి వచ్చి చూసి, "ఎవరి కోసం సార్?" అన్నాడు. "నా కోసమేనయ్యా" అన్నాను. పాపం, అతనికి నవ్వాలో వద్దో తెలియలేదు.

ఇంకో సంగతి. శనివారం కూరగాయలమ్మి "ఎంత కావాలి బాబూ?" అంటే నోరు తెరిచాను, గొంతు పెగల్లేదు. ఆలోచిస్తే, గురువారం నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని తేలింది. ఇవన్నీ నిన్ను బాధపెట్టడానికి రాయడం లేదు. కిందటి పదకొండు ఉత్తరాల్లోనూ ‘నాకేం, రాజాలా ఉన్నాను, నా గురించి బెంగపడకు’ అనే రాశాను కాబట్టి, ఈ ఒక్కదాంట్లోనైనా ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను.

నీ ఉత్తరం చివర్న, ముగించేశాక గుర్తొచ్చినట్టు, ఒక ముక్క రాశావు. ఆస్పత్రి డ్యూటీలతో అమ్మాయి పసిదాన్ని చూసుకోలేకపోతోందనీ, నిన్ను ఇక అక్కడే ఉండిపొమ్మంటోందనీ, ‘మీరెలా అంటే అలా’ అనీ. మూడు నెలలకని వెళ్ళావు, ఇది ఎనిమిదో నెల. ఉన్నవి రెండు గదులు, ఒకదాంట్లో వియ్యంకుడుగారు, ఒకదాంట్లో మీరందరూ. నేనొచ్చి ఎక్కడ పడుకోను, నువ్వు వదిలేసి ఎలా వస్తావు, ఇవన్నీ నాకు తెలుసు. నువ్వు చివర్న అడిగావు కాబట్టి నేనూ చివర్నే జవాబు రాస్తాను. ముందు ప్లేటు సంగతి.

పాత షెడ్డు ఆఫీసులో ఆవిరి ఇంజన్ల కాలం నాటి వస్తువులు ప్రదర్శనకి పెడుతున్నారని తెలిసి, నాన్న ప్లేటు అక్కడ పెట్టించండి, పదిమందీ చూస్తారు అని ఇంతకుముందు ఉత్తరంలో రాశావు. దాని కింద ఏం రాయించాలో కూడా నీ గుండ్రటి అక్షరాలతో రాసి పంపావు. ‘నలభై రెండు నంబరు ఇంజను ప్లేటు. ఈ ఇంజనుని పందొమ్మిదేళ్ళు నడిపిన డ్రైవరుగారి జ్ఞాపకార్థం, ఆయన కూతురు ఇచ్చినది.’ ఆ కాగితం జేబులో పెట్టుకుని, ప్లేటుని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుని వెళ్ళాను. రెండు జానల ఇత్తడి అంత బరువుంటుందని మర్చిపోయాను. దారిలో మూడుసార్లు ఆగాను.

ప్రదర్శన చూసుకునేది ఒక పెద్దావిడ, ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తిమీద ఇంకో కళ్ళజోడు. ప్లేటు విప్పి చూపిస్తే ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇంత మెరుపు ఎలా వచ్చిందండీ?" అంది. మా ఆవిడ ప్రతి ఆదివారం వరండాలో కూర్చుని తోముతుందన్నాను. "ఎన్నాళ్ళుగా?" అంది. ముప్పై నాలుగేళ్ళుగా, మొదట వాళ్ళ నాన్నగారింట్లో, తర్వాత మా ఇంట్లో అన్నాను. తర్వాత నీ కాగితం చదివి, "అంతా బాగుంది. కానీ ఇది నలభై రెండుదని రుజువేదైనా ఉందా?" అంది.

"రుజువేమిటండీ, ఇంట్లో అందరికీ తెలుసు" అన్నాను.

"ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టే అడుగుతున్నాను. ఇక్కడికి వచ్చే ప్రతి వస్తువుకీ ఒక కథ ఉంటుంది, సగం కథలు తప్పు. ప్లేటు మీద 6218 అని ఉంది, నలభై రెండు అని లేదు కదా."

ఇంజనుకి రెండు నంబర్లుంటాయని ఆవిడకి నేనే చెప్పాల్సి వచ్చింది. డ్రైవరు నిలబడే క్యాబు మీద రంగుతో రాసేది రైల్వే వాళ్ళు పెట్టుకున్నది. అందరం పిలిచేది దాన్నే. ప్లేటు మీద పోతపోసినది తయారుచేసిన కంపెనీ వాళ్ళు ఇంజను పుట్టినప్పుడు ఇచ్చినది. ఏ నంబరుకి ఏది జత అనేది రికార్డుల్లో ఉంటుంది. "అయితే అక్కడికి వెళ్ళి ఒక కాగితం పట్టుకు రండి, మీ ఆవిడ రాసినట్టే రాయిస్తాను" అంది. నా నోటితోనే దారి చూపించుకున్నాను.

రికార్డు గదికి మొదటిసారి వెళితే తాళం వేసి ఉంది. నిజం చెప్పాలంటే సంతోషించాను. రెండోసారి వెళ్ళాను. తలుపు తీసి ఉంది, లోపల గుమాస్తా ఉన్నాడు. ముక్కుకి రుమాలు కట్టుకుని, బీరువాకీ బీరువాకీ మధ్య ఒక మనిషి పట్టే సందులో తుమ్ముతూ తిరిగే మనిషి. ఆయన్ని చూసి, "ఇంత పాత కాగితాలు ఎలకలు కొట్టేసే ఉంటాయి లెండి, మీకెందుకు శ్రమ. దొరకలేదని ఒక ముక్క రాసిచ్చెయ్యండి, వెళ్ళిపోతాను" అన్నాను. మర్యాదగానే అన్నాననుకున్నాను. ఆయన రుమాలు కిందికి లాగాడు.

"ఎలకలా? నా గదిలోనా?" అన్నాడు. "ఇరవై ఆరేళ్ళయింది నేనీ గదికి వచ్చి. ఒక్క కాగితం పోలేదు. మీ నంబరు ఇక్కడ రాసి పెట్టి, గురువారం రండి."

పోనీలే అని ఊరుకునేవాణ్ణి పోయి రెచ్చగొట్టి వచ్చాను. నాకు నోటిదూల ఉందని నువ్వు ఎప్పుడూ అనేదే. ఆ రెండు రోజులూ నేను సరిగ్గా తినలేదు. గురువారం పొద్దున్నే వెళ్ళి కూర్చుంటే, ఆయన పసుపు రంగు అట్టముక్క ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. ప్రతి ఇంజనుకీ అలాంటిది ఒకటి ఉంటుంది, ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు మరమ్మతుకి వెళ్ళింది, ఎప్పుడు తుక్కు కింద తీసేశారు, అన్నీ రాసి.

"మీ ప్లేటు నలభై రెండుది కాదండీ" అన్నాడు. "6218 అంటే నలభై ఏడు. నలభై రెండు మేకరు నంబరు 6213."

ఇక్కడ కలం పక్కన పెట్టి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇక వెనక్కి తగ్గను.

ఆయన చెప్పేదాకా ఆ సంగతి నాకు తెలియదనుకోకు. తెలుసు. ఆ ప్లేటు నలభై ఏడుదని ముప్పై నాలుగేళ్ళుగా నాకు తెలుసు. దాన్ని నలభై ఏడు మీంచి విప్పింది నేనే. మీ నాన్న చేతిలో పెట్టి ‘మీ నలభై రెండుదండీ’ అన్నదీ నేనే. రికార్డు గదికి రుజువు వెతకడానికి వెళ్ళలేదు, రుజువనేది ఎక్కడా మిగల్లేదని తెలుసుకుందామని వెళ్ళాను.

ఎలా జరిగిందో చెబుతాను, విను. ఆవిరి ఇంజన్లన్నిటినీ వరసగా తుక్కు లైన్లో పెట్టిన రోజులు. మీ నాన్న రోజూ అక్కడికి వచ్చి నలభై రెండు పక్కన నిలబడి వెళుతున్నారని షెడ్డంతా అనుకునేవాళ్ళు. నేనప్పటికే ఏదో ఒక వంకతో నాలుగుసార్లు మీ ఇంటికి వచ్చాను. నాలుగుసార్లూ మీ నాన్న నన్ను కూర్చోమనలేదు. నీకు మాస్టారి సంబంధం చూస్తున్నారని తెలిసింది. ఆ ఆదివారం లైబ్రరీ మెట్ల మీద నువ్వు కనిపిస్తే, ఏం మాట్లాడాలో తెలియక, ‘మీ నాన్న ఇంజను ప్లేటు నేను తెచ్చిస్తాను, చూడండి’ అని కోతలు కోశాను. నువ్వు నా వైపు సరిగ్గా చూసింది అప్పుడే. దాంతో నా పని అయిపోయింది.

బుధవారం స్పానరు పట్టుకుని లైన్లోకి వెళ్ళాను. నలభై రెండు మీద ప్లేటు లేదు, దాని చోట నాలుగు బెజ్జాలున్నాయి. ఫౌండ్రీకి పరిగెత్తాను. అక్కడి మేస్త్రీ, "నిన్ననే పొయ్యిలో వేశాం, బేరింగులకి ఇత్తడి కావాలన్నారు" అన్నాడు. ఆ పోత ఇంకా చల్లారలేదు. నేను వెళ్ళేసరికి మీ నాన్న ప్లేటు ఏ బేరింగులో ఎంత ఉందో చెప్పగలిగేవాడు లేడు. ఒక్క రోజు ముందు వెళ్ళి ఉంటే సరిపోయేది. ఆ మాట ముప్పై నాలుగేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

రెండు రోజులు ఏం చెయ్యాలో తోచలేదు. శుక్రవారం ఫోర్‌మన్‌ని అడిగితే, "ఏదో ఒకటి పట్టుకుపోవోయ్" అని గేటు పాసు రాసిచ్చాడు. అందులో ‘ఇత్తడి ప్లేటు ఒకటి’ అని మాత్రమే ఉంది. అదే లైన్లో చివర నలభై ఏడు ఉంది. కంపెనీ అదే, ఏడాది అదే, అక్షరాలు అవే, చివరి అంకె ఒక్కటే తేడా. డ్రైవర్లు క్యాబు మీద నంబరు చూస్తారు గానీ మేకరు నంబరెవడు గుర్తుపెట్టుకుంటాడు, అది మా ఫిట్టర్ల గొడవ కదా అనుకున్నాను. నేను చేసిన తప్పల్లా అక్కడే ఉంది. మీ నాన్న నలభై రెండు ఎక్కే ముందు రోజూ ఆ ప్లేటుని తన చేత్తో తుడిచేవారు. పందొమ్మిదేళ్ళు తుడిచిన మనిషికి అందులోని అంకెలు తెలియవనుకున్నానంటే నా తెలివి చూడు.

ఆ సాయంత్రం నువ్వు లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నావు. ఆయన ప్లేటుని రెండు చేతులతో అందుకున్నారు. బొటనవేలితో అంకెల్ని ఒకసారి ఇటునుంచి అటు తడిమారు. నా వైపు చూశారు.

"నువ్వే విప్పావా?" అన్నారు.

"అవునండీ."

"జాగ్రత్తగా విప్పావు. ఎక్కడా గీత పడలేదు" అన్నారు. కాసేపాగి, "కూర్చో" అన్నారు.

ఆ తర్వాతది నాకంటే నువ్వే బాగా చెబుతావు. ఇంటికెవరొచ్చినా చెబుతావు. ‘మాస్టారిని కాదని ఈ నూనె చేతులవాణ్ణి ఎందుకు చేసుకున్నానంటే, మా నాన్న కోసం తుక్కులో పడి వెతికి ఆ ప్లేటు తెచ్చాడు కాబట్టి’ అని. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఒకసారి పెళ్ళయిన కొత్తలో నిజం చెప్పేద్దామనుకున్నాను, నీకు జ్వరం వచ్చింది. ఇంకోసారి అమ్మాయి పుట్టాక అనుకున్నాను. మీ నాన్న పోయాక ప్లేటు మనింటికి వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నువ్వు ఏడ్చిన రోజు, ఇక ఈ జన్మలో చెప్పలేననుకున్నాను. అలా ఒకరోజు కాకపోతే ఇంకోరోజు అనుకుంటూ జుట్టు నెరిసిపోయింది.

గుమాస్తా చూపించిన అట్టలో నలభై ఏడు సంగతంతా ఉంది. దానికంటూ ఒక డ్రైవరు లేడు. మిగతా వాటికి ఒక్కొక్కరు సొంత డ్రైవర్లుంటే, ఇది ఎప్పుడు ఏది పాడైతే దాని బదులు వెళ్ళేది. ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చారు, ఎవరూ తమదనుకోలేదు. మరమ్మతు కాగితంలో ఒకచోట ‘చాలా మురికిగా ఉన్నది, శుభ్రం చేయువారు లేరు’ అని రాసి ఉంది. అది చదివి నువ్వు గుర్తొచ్చావు. తిరిగినన్నాళ్ళూ ఒక్కరూ తుడవని ఇంజను ప్లేటుని నువ్వు ఇన్నేళ్ళు తోమావు. నువ్వు తోమింది వేరేదాని కోసం అనుకుని అయినా, ఆ ఇత్తడికి అందిన ఆదరణ అందింది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అంత గట్టిగా ఏమీ సర్దుకోలేదు.

ఇంతటితో అయిపోతే ఈ ఉత్తరం ఎలా రాసేవాణ్ణో తెలియదు. నా వాలకం చూసి గుమాస్తాకి ఏమనిపించిందో, "సోమవారం ఒకసారి రండి, నలభై రెండు ఫైలు కూడా తీసి ఉంచుతాను" అన్నాడు. నీ ఉత్తరం అందిన రోజే వెళ్ళాను. ఆయన నా ముందు మూడు కాగితాలు పెట్టాడు. మూడిటికీ కలిపి ఒక గుండుసూది గుచ్చి ఉంది, తుప్పు పట్టి కాగితానికి అంటుకుపోయింది.

మొదటిది మీ నాన్న దస్తూరీ. చూడగానే గుర్తుపట్టాను, ఆ పొడుగు కొమ్ములు ఇంకెవరివీ కావు. "అయ్యా, నేను పందొమ్మిది సంవత్సరములుగా నడిపిన నలభై రెండు నంబరు, అనగా మేకరు నంబరు 6213 గల ఇంజనును తుక్కుగా తీసివేయుచున్నారని తెలిసినది. దాని ఇత్తడి ప్లేటును జ్ఞాపకార్థము నాకు ఇప్పించవలసినదిగా ప్రార్థన." రెండోది ఆఫీసు జవాబు. "సదరు ప్లేటు ఎనిమిదవ తేదీన ఫౌండ్రీలో కరిగించబడినది. ఇచ్చుటకు వీలు లేదు." దాని కింద మళ్ళీ మీ నాన్న చేత్తో ‘చదువుకున్నాను’ అని ఉంది, సంతకం, తొమ్మిదో తేదీ. మూడోది నా గేటు పాసు నకలు. పదకొండో తేదీ.

అర్థమైందా? తన ప్లేటు కరిగిపోయిందని మీ నాన్నకి బుధవారమే కాగితం మీద తెలిసింది. శుక్రవారం సాయంత్రం నేను వెళ్ళి, ‘మీ నలభై రెండుదండీ’ అని నిలబడ్డాను. ఆయన ఇది నిజంగా దానిదేనా అని అడగలేదు. అడిగి ఉంటే నేను అవునని రెండో అబద్ధం చెప్పేవాణ్ణి, అది ఆయనకి తెలుసు. అందుకే నేను నిజం చెప్పగలిగిన ప్రశ్న ఒకటి వెతికి, నువ్వే విప్పావా అని అడిగారు. ‘నాన్న ఎందుకో దీన్ని గోడకి తగిలించాక ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోడు, ఇంజను పోయిన బాధ’ అని నువ్వు అనేదానివి గుర్తుందా? బాధ ఉండే ఉంటుంది. కానీ అది తనది కాదు కాబట్టి ముట్టుకోలేదు. నన్ను బయట పెట్టకూడదని గోడకి మాత్రం తగిలించారు. పోయేదాకా పద్నాలుగేళ్ళు నాతో కలిసి భోంచేశారు, ఒక్క మాట కూడా అనలేదు.

ఆ బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. దాచడానికేముంది, అరవై నిండిన మనిషిని, గట్టిగానే ఏడ్చాను. గుమాస్తా వెళ్ళి కిటికీ తెరిచి, "దుమ్మండీ. ఇక్కడికి వచ్చినవాళ్ళందరికీ కళ్ళు మండుతాయి" అన్నాడు. కాసేపయ్యాక తనే నెమ్మదిగా, "ప్రదర్శన మేడం అడిగింది ఒక్క కాగితమే కదా. నలభై ఏడు కార్డు దొరకలేదని రాసిచ్చేస్తాను. ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి పోయిందనుకుంటాను" అన్నాడు. ఆ మనిషి ఆ మాట అనడానికి ఎంత కష్టపడి ఉంటాడో నాకు తెలుసు. దండం పెట్టి వద్దన్నాను. మూడు కాగితాలకీ నకళ్ళు తీసి ఇచ్చాడు. ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను, చూసుకో. మీ నాన్న దస్తూరీ ఉన్నది జాగ్రత్త.

ప్లేటు ఇంట్లోనే ఉంది. పెద్దావిడకి నెలాఖరు దాకా గడువు అడిగాను. దాని కింద ఏం రాయించాలో, అసలు ఇవ్వాలో వద్దో నువ్వే చెప్పాలి. అమ్మాయికి చెప్పాలనిపిస్తే చెప్పు. వియ్యంకుడుగారికి మాత్రం ఇప్పుడే చెప్పకు, ఆయన దగ్గు ఆపుకుని మరీ నవ్వుతారు.

ఇక నువ్వు చివర్న రాసిన మాటకి జవాబు. మూడు రోజుల నుంచి ఆలోచిస్తుంటే నాకొకటి తట్టింది. ఆ రోజు ఆ ఇంట్లో ముగ్గురం ఉన్నాం. అబద్ధమని తెలిసి నేను ఆడాను. అబద్ధమని తెలిసి మీ నాన్న ఒప్పుకున్నారు. తెలియనిదానివి నువ్వొక్కదానివే, జీవితం పెట్టింది మాత్రం నువ్వు. మాస్టారిని వద్దన్నది నువ్వు. మేమిద్దరం మగవాళ్ళం ఒక ఇత్తడి ముక్క మీదుగా నీ సంగతి తేల్చేసుకున్నాం. మీ నాన్న మంచితనానికి ఏడ్చిన నాకు, నీకు జరిగింది తలుచుకుంటే సిగ్గేస్తోంది.

అందుకని నువ్వు ‘మీరెలా అంటే అలా’ అని రాస్తే నేను అందుకోలేకపోతున్నాను. ఉండిపో అంటే అది పదకొండు ఉత్తరాల్లో రాసిన అబద్ధానికి పన్నెండోది అవుతుంది. నువ్వు లేకుండా నాకు బాగాలేదు. ఈ ఇంట్లో నాకు చాలా ఒంటరిగా ఉంది. వచ్చెయ్ అని హుకుం వెయ్యడానికి నాకు ఏ హక్కూ లేదు. పసిదానికి నువ్వు కావాలి, అమ్మాయికి కావాలి. నాకు కావాలి అనేది వాళ్ళందరి వెనక వరసలో నిలబడి చెప్పుకోవాల్సిన మాటే. అయినా చెబుతున్నాను.

అప్పుడు మీ నాన్నని అడిగాను. నిన్ను అడగలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నీకు అంతా తెలుసు, నా దగ్గర తెచ్చిపెట్టడానికి ప్లేటు లాంటిదేమీ లేదు. ఉన్నది నేనే, ఒక మోకాలు సరిగ్గా లేదు. నెమ్మదిగా ఆలోచించుకుని, కాదనాలనిపిస్తే కాదనే రాయి, నేనేమీ అనుకోను అని రాయబోయాను, అది కూడా అబద్ధమే కాబట్టి రాయడం లేదు.

నాతో ఉంటావా?

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే,
నీ భర్త